కాంటెండర్‌తో తొలి వేటకు వెళ్తున్న మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ అత్తయ్య క్షేమం.

నిన్న రాత్రి మీ అమ్మ కరీంనగర్ నుంచి ఫోను చేసింది. "అన్నయ్యా, పిల్ల పిస్తోలు కొన్నదట, దానితో జింకను కొడతానంటున్నది, ఈ పిచ్చి నీ ఇంట్లోనే అంటుకున్నది" అని ఏడ్చింది. నేను సర్దిచెప్పాను గాని, ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎంఎస్ చదువుకు వచ్చిన తొలి ఏడాది, థాంక్స్‌గివింగ్ సెలవులకు మా ఇంటికి వచ్చి, నేను శుభ్రం చేస్తున్న కాంటెండర్‌ను, ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చే ఆ పిస్తోలును, చూసి "దీనికి ఒక్క తూటాయేనా మామయ్యా?" అని అడిగిన పిల్లవు నీవు. ఇప్పుడు అదే రకం తుపాకీని, అదే .30-30 అనే రైఫిల్ తూటాకు సరిపోయే 14 అంగుళాల బ్యారెల్‌తో, నన్ను అడగకుండానే వెతికి కొనుక్కున్నావని విన్నప్పుడు నాకు గర్వం కలగలేదని చెబితే అది అబద్ధమవుతుంది. భయం కూడా కలిగింది. ఆ భయం వల్లనే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు త్వరగా ముగిస్తాను. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ తప్పనిసరి. ఆ ధ్రువపత్రం, వేట లైసెన్సు రెండూ జేబులో ఉండాలి. జింక పడిన వెంటనే, దానిని కదిలించకముందే, లైసెన్సుకు ఉన్న ట్యాగు కత్తిరించి కట్టాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే కాల్చే వేళ. నీవు గ్రీన్ కార్డు వచ్చాకే తుపాకీ కొన్నావు, మంచిది. అయితే నీతో వస్తానంటున్న స్నేహితురాలు ఇంకా హెచ్-1బి మీదనే ఉన్నదని విన్నాను. ఆ వీసా మీద ఉన్నవారి చేతిలో తుపాకీ ఉండడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది; చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది గాని, ఆమె ఆ సంగతి న్యాయవాదిని అడిగి తెలుసుకునే వరకు నీ తుపాకీని ఆమె చేతికి ఇవ్వకు. భుజానికి ఆనించుకుంటే సులువుగా ఉంటుందని ఎవరైనా చెబితే విని, ఆ 14 అంగుళాల బ్యారెల్‌కు రైఫిల్ మడమను ఎన్నడూ బిగించకు. ప్రభుత్వం వద్ద నమోదు చేయించకుండా ఆ పని చేస్తే నేరం. రైఫిల్ స్కోపు కూడా పెట్టకు. పిస్తోలు స్కోపును చేయి చాచి దూరం నుంచి చూస్తారు, రైఫిల్ స్కోపు కోసం ముఖం దగ్గరకు తెస్తే కనుబొమ చీలుతుంది.

చెవుల గురించి మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి. ఏ తుపాకీ మోత అయినా సాధారణంగా 140 డెసిబెల్‌లు దాటుతుంది. పొడవైన రైఫిల్ కోసం పుట్టిన తూటాను పొట్టి బ్యారెల్‌లో కాల్చినప్పుడు, కాలీకాలని మందు మంట మన ముఖానికి మరింత దగ్గరగా బయటపడుతుంది. నాలుగు చెక్కల నడుమ కూర్చునే మంచెలో ఆ శబ్దం గోడలకు కొట్టుకొని తిరిగి మన మీదకే వస్తుంది. జింక అడుగుల చప్పుడు వినాలని నేను నా తొలి సంవత్సరాలలో చెవులకు ఏమీ పెట్టుకోలేదు. ఇప్పుడు నా ఎడమ చెవిలో రాత్రింబవళ్లు కీచురాయి అరుస్తూనే ఉంటుంది, మీ అత్తయ్య పిలిస్తే వినబడదు. నీవు చెవిలో ప్లగ్గులు పెట్టుకొని, వాటి మీద ఎలక్ట్రానిక్ మఫ్‌లు కూడా పెట్టుకోవాలి. బ్యారెల్ కొన కిటికీ బయట ఉండాలి. ఈ విషయంలో నాతో వాదించవద్దు.

ఇక బుల్లెట్ల సంగతి. తూటా అంటే ఇత్తడి కేసు, మందు, బుల్లెట్ అన్నీ కలిసినది. బుల్లెట్ అంటే ఎగిరిపోయే ముక్క మాత్రమే. నా పాత తప్పు ఆ ముక్కను ఎన్నుకోవడంలో జరిగింది.

అది 1994 నవంబరు, లానో దగ్గర ఒక స్నేహితుడు కౌలుకు తీసుకున్న భూమి. అప్పటికి కాంటెండర్ నా చేతికి వచ్చి మూడేళ్లు. కాగితం మీద బాగా కొడుతున్నానన్న ధీమా ఉండేది. దుకాణంలో కౌంటర్ వెనుక నిలబడిన పెద్దమనిషి "బరువైనది, గట్టిది తీసుకోండి, దేనినైనా దూసుకొని పోతుంది" అన్నాడు. నేను పెట్టె మీది బొమ్మ చూసి, లోపలి కాగితం చదవకుండానే 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లు, సీసం మీది లోహపు తొడుగు, అంటే జాకెట్, మందంగా ఉన్నవి కొన్నాను. అవి .300 మాగ్నమ్ రైఫిళ్ల వేగానికి చేసినవి. వ్యాసం .308 అంగుళాలే కాబట్టి నా .30-30 కేసులలో చక్కగా కూర్చున్నాయి. కూర్చున్నాయి గనుక సరిపోతాయనుకున్నాను.

పొద్దు గుంకే వేళ, ఓక్ చెట్ల నీడలోనుంచి ఒక మగ జింక వచ్చి, సుమారు 130 గజాల దూరంలో నాకు అడ్డంగా నిలబడింది. ఇసుక సంచి మీద చేతులు ఆనించి, భుజం వెనుక గురి చూసి కాల్చాను. జింక ఒక్కసారి వంగింది, వెంటనే తోక ముడుచుకొని పరుగెత్తింది. దిగి వెళ్లి చూస్తే అది నిలబడిన చోట నాలుగు వెంట్రుకలు, ఆవగింజంత రక్తపు చుక్కలు రెండు, అంతే. టార్చి వెలుతురులో ఆకు ఆకునూ తిప్పుతూ పోతే, ఆ చుక్కలు పొరుగువారి ముళ్లకంచె దగ్గర ఆగాయి. జింక మనది గాయపరచినదైనా సరే, యజమాని అనుమతి లేకుండా ఈ రాష్ట్రంలో కంచె దాటకూడదు. వారి ఇంట్లో దీపం లేదు, ఫోను ఎవరూ తీయలేదు. రాత్రంతా ట్రక్కులో కూర్చున్నాను. కొయోటీలు ఊళ వేసినప్పుడల్లా కడుపులో చేయి పెట్టి మెలిపెట్టినట్లుండేది.

తెల్లవారాక ఆ ఇంటి పెద్దాయన తానే తోడువచ్చాడు. కంచెకు అవతల నాలుగు వందల గజాల దూరంలో, ఎండిపోయిన వాగులో అది పడుకొని ఉన్నది. చనిపోలేదు. మా అడుగుల చప్పుడుకు తల ఎత్తి చూసింది. రెండవ తూటాతో దాని బాధ ముగించాను, కానీ పన్నెండు గంటలకు పైగా అది పడిన బాధను నేను వెనక్కి తీసుకోలేను కదా తల్లీ. చర్మం ఒలిచినప్పుడు చూశాను: బుల్లెట్ లోపలికి వెళ్లిన రంధ్రం, బయటికి వచ్చిన రంధ్రం ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఊపిరితిత్తులలో గోనె సంచిని దబ్బనం పొడిచినట్లు సన్నని దారి ఉన్నది. వేట బుల్లెట్ లోపల పుట్టగొడుగులా విచ్చుకొని వెడల్పు గాయం చేయాలి. నా గురి తప్పలేదు, బుల్లెట్ విచ్చుకోలేదు.

ఎందుకు విచ్చుకోలేదో తెలుసుకోవడానికి నాకు ఆ శీతాకాలమంతా పట్టింది. మామూలు .30-30 తూటాలో 150 గ్రెయిన్ల బుల్లెట్ పొడవైన రైఫిల్ నుంచి సెకనుకు సుమారు 2,390 అడుగుల వేగంతో బయలుదేరుతుందనీ, 100 గజాల వద్ద సుమారు 2,020, 200 గజాల వద్ద 1,680 అడుగులకు తగ్గుతుందనీ పట్టికలు చెబుతాయి. మన 14 అంగుళాల బ్యారెల్ నుంచి అదే తూటా దాదాపు 2,000 అడుగుల వేగంతోనే బయటికి వస్తుంది. అంటే రైఫిల్ బుల్లెట్ 100 గజాలు ప్రయాణించి అలసిపోయిన చోట మన బుల్లెట్ ప్రయాణం మొదలవుతుంది. పిస్తోలుతో 100 గజాల దూరంలోని జింకను కొట్టడం, బుల్లెట్ లెక్కలో చూస్తే, రైఫిల్‌తో 200 గజాల దూరంలోని జింకను కొట్టడమే. బుల్లెట్లు చేసే నాస్లర్ కంపెనీ తన బాలిస్టిక్ టిప్, పార్టిషన్ అనే బుల్లెట్లు విచ్చుకోవడానికి కనీసం 1,800 అడుగుల వేగం ఉండాలని వ్రాస్తుంది. అంతకన్నా మందపు జాకెట్ ఉన్న బుల్లెట్‌ను నేను సుమారు 1,600 అడుగులతో జింకకు చేర్చాను. పెట్టె మీద వ్రాసిన పేరు కాదు, జింకను తాకే క్షణాన బుల్లెట్‌కు మిగిలిన వేగమే నీవు చూడవలసినది.

దీనికి విరుగుడుగా మరీ పలచని బుల్లెట్‌ల వైపు పోకు. ప్రెయిరీ డాగ్‌లనే ఉడుతంత చిన్న జంతువుల కోసం చేసిన బుల్లెట్ భుజపుటెముకకు తగిలితే పైపైనే పగిలిపోతుంది, ఊపిరితిత్తుల దాకా చేరదు.

నీకు నా సలహా ఇది. దుకాణంలో కొనేటట్లయితే .30-30 లీవర్ రైఫిళ్ల కోసమే చేసిన 150 గ్రెయిన్ల మెత్తని ముక్కు బుల్లెట్ తూటాలు కొను. అవి పుట్టుకతోనే తక్కువ వేగానికి విచ్చుకునేలా చేసినవి. అయితే మొద్దు ముక్కు వల్ల గాలిలో త్వరగా వేగం కోల్పోతాయి కాబట్టి 100 గజాలకు మించి వాడవద్దు. దానికన్నా నాకు ఇష్టమైనది 125 గ్రెయిన్ల బాలిస్టిక్ టిప్. తేలికైనది గనుక ఎక్కువ వేగంతో బయలుదేరుతుంది, కొన సూదిగా ఉండడం వల్ల ఆ వేగాన్ని నిలుపుకుంటుంది. సీసం వద్దనుకుంటే, .300 బ్లాకౌట్ అనే తూటా కోసం బార్న్స్ కంపెనీ చేసిన 110 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తక్కువ వేగానికే విచ్చుకునేలా చేసినది. మిగతా రాగి బుల్లెట్లు చాలావరకు మనకన్నా వేగవంతమైన తుపాకుల కోసం ఉన్నవి. ఆ తూటాలను ఇంట్లో నా తూటాల ప్రెస్సు మీద నేనే చేసి ఇస్తాను, నీవు ఇప్పుడే ఆ పని మొదలుపెట్టకు. ఒక హెచ్చరిక: కాంటెండర్‌లో ఒక్క తూటాయే ఉంటుంది కాబట్టి సూది కొన వల్ల ప్రమాదం లేదు, కానీ అదే తూటాను గొట్టపు మ్యాగజైన్ ఉన్న లీవర్ రైఫిల్‌లో పెడితే, ఒకదాని కొన ముందున్నదాని ప్రైమర్‌ను, అంటే మందును అంటించే అడుగు బిళ్లను, పొడిచి పేలవచ్చు. అందుకే ఆ పెట్టె మీద ఎర్ర సిరాతో వ్రాసి ఇస్తాను. ఆ పెట్టెను నీ తుపాకీతోనే ఉంచు.

నేను చెప్పానని కూడా నమ్మవద్దు, పరీక్షించి చూడు. పాల గ్యాలన్ డబ్బాలు నీళ్లతో నింపి వరుసగా పెట్టి, నీవు జింకను కొట్టదలచిన దూరం నుంచే కాల్చు. ఆ శీతాకాలంలో నా 180 గ్రెయిన్ల బుల్లెట్ అయిదు డబ్బాలను దాటి, ఆకారం చెడకుండా మట్టికట్టలో దొరికింది; .30-30 కోసం చేసిన మెత్తని బుల్లెట్ రెండవ డబ్బాలోనే పుట్టగొడుగులా విచ్చుకున్నది. ఆ రెండింటినీ దాచి ఉంచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

నీ దూరం ఎంతో కాగితపు పళ్లెం చెబుతుంది. ఆరు అంగుళాల పళ్లెంలో, మంచెలో కూర్చునే తీరునే కూర్చొని, పది తూటాలకు పదీ ఎంత దూరం నుంచి వేయగలవో అదే నీ హద్దు. అది 60 గజాలైతే 60 గజాలే. జింక 90 గజాల దగ్గర ఎంత అందంగా నిలబడినా చూసి ఆనందించు. తూటాను పేల్చే సుత్తిని, అంటే హ్యామర్‌ను, జింక కనబడగానే కాక, చేతులు ఇసుక సంచి మీద నిలిచి, జింక అడ్డంగా తిరిగాక మాత్రమే వెనక్కి లాగు. కాల్చకూడదనుకుంటే బ్యారెల్‌ను నేలవైపు తిప్పాకే దానిని దించాలి, ఎందుకంటే చలికి మొద్దుబారిన బొటనవేలు జారుతుంది. కాల్చిన తరువాత అరగంట కూర్చో. రక్తం నురగతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తి, జింక దగ్గరలోనే ఉంటుంది. ముదురుగా ఉంటే కాలేయం. పచ్చగా, వాసనతో ఉంటే కడుపు, అప్పుడు గంటల తరబడి ఆగాలి, నాకు కబురు చేయాలి, నేను ఎక్కడున్నా వస్తాను. పొరుగు భూముల యజమానుల ఫోను నంబర్లు వేటకు ముందే తీసి పెట్టుకో.

ఆ భూమిలో నీకు మన చుక్కల దుప్పి కూడా కనబడుతుంది. 1932లో టెక్సాస్‌కు తెచ్చినవి పెరిగి ఇప్పుడు ఈ కొండలంతా తిరుగుతున్నాయి. ఇక్కడి చట్టం వాటిని పరదేశపు జంతువులుగా లెక్కిస్తుంది కాబట్టి లైసెన్సు, యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా కొట్టవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో దానిని వేటాడకూడదు, తెలంగాణకు అది రాష్ట్ర జంతువు కూడా. మొదటిసారి మంచె కింద దుప్పుల మంద నడిచిపోతుంటే, నేను తుపాకీ దించి, చిన్నప్పుడు జన్నారం అడవిలో మా నాన్న చేయి పట్టుకొని చూసిన మందను తలచుకుంటూ కూర్చుండిపోయాను. నిన్ను కాల్చవద్దని అనను. కానీ మగ దుప్పి ఈ కొండల తెల్లతోక జింకకన్నా బరువైనది, గట్టిది, దాని భుజానికి నీ 125 గ్రెయిన్ల బుల్లెట్ మీద భారం వేయకు. ఈ ఏడాదికి ఒక ఆడ తెల్లతోక జింక చాలు.

సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దానికి రెండు వారాల ముందు శుక్రవారం సాయంత్రం నేను ట్రక్కులో వస్తాను. తూటాలు, పది నీళ్ల డబ్బాలు, పళ్లేల కట్ట, నీకు సరిపోయే మఫ్‌లు నేనే తెస్తాను, అత్తయ్య సకినాలు కట్టి ఇస్తానన్నది. మీ అమ్మకు నేను ఇంకొకసారి ఫోను చేస్తాను గాని, నీవు కూడా ఈ ఆదివారం చేసి, మంచెలో మామయ్య పక్కనే కూర్చుంటాడని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య