స్ప్లెండర్ మీద రాజమండ్రి వస్తానన్న మేనల్లుడికి

అల్లుడూ,

రాజమండ్రికి బండి మీదే వస్తానన్నావని, ఎలాగైనా నీకు నచ్చజెప్పి రైలెక్కించమని మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. ఆ పని నావల్ల కాదన్నాను. పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను వంద సీసీ బండి మీదే జిల్లాలు తిరిగాను. దూరం పోవాలంటే బుల్లెట్టే ఉండాలని నీకెలా చెబుతాను? నీ స్ప్లెండర్ శుభ్రంగా వస్తుంది. నా పేచీ అల్లా ఒక్కటే. పొద్దున్నే కూకట్‌పల్లిలో బయల్దేరి రాత్రి భోజనానికి ఇక్కడుంటానన్నావట. అది కుదరదు. రెండు రోజులు పెట్టుకో.

ఎందుకో లెక్క చెబుతాను. చిన్న బండి మీద హైవే అయినా సరే, ఆగినవీ తాగినవీ కలుపుకుంటే గంటకు 40 కిలోమీటర్లు. మీటరు 60 చూపిస్తున్నా ఇదే లెక్క. టీలు, ఊళ్లలో ట్రాఫిక్కు, డైవర్షన్లు, నడుం నిటారు చేసుకోవడాలు అన్నీ కలిసి అక్కడికే దింపుతాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, అంటే ఏడు గంటలు. అక్కణ్ణుంచి రాజమండ్రి 150 పైచిలుకు, ఇంకో నాలుగు గంటలు. ఆ పదకొండు గంటల్లో చివరి మూడు గంటలూ నీ ఒళ్లు నీ మాట వినదు. పైగా నువ్వొచ్చేది కార్తీకం చివర్లో. ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. అంటే బాగా అలిసిపోయాక, చీకట్లో, వరి కోతల రోజుల్లో గోదావరి జిల్లాల రోడ్డు మీద ఉంటావు. అదెలా ఉంటుందో తర్వాత చెబుతాను. మొదటి రోజు రాత్రి విజయవాడలో మీ పిన్ని ఇంట్లో పడుకో.

ఎవరికీ ఫలానా టైముకి వస్తానని మాటివ్వకు. పన్నెండున్నరకి వస్తానన్నావా, పన్నెండింటికి నందిగామ దగ్గర నీ కుడిచెయ్యి దానంతటదే యాక్సిలేటర్ తిప్పేస్తుంది. సాయంత్రానికి వస్తానను, చాలు.

సిటీలో స్ప్లెండర్‌కి ఎదురులేదు, సందు దొరికితే దూరిపోతుంది. హైవే ఎక్కాక అక్కడున్న వాటిలో బలం లేని బండి అదే. ఎనిమిది హార్స్‌పవర్ ఇంజను. లోడు లారీ 55లో పోతోంది, నువ్వు 60లో ఉన్నావనుకో. నీకూ దానికీ తేడా గంటకు 5 కిలోమీటర్లు, అంటే సెకనుకు మీటరున్నర కూడా లేదు. వెనక నుంచి మొదలుపెట్టి, లారీ పొడవు దాటి, ముందు కాస్త ఖాళీ చూసుకుని మళ్లీ ఎడమకి రావాలంటే నలభై మీటర్లన్నా గెలవాలి. దాదాపు అర నిమిషం పడుతుంది. ఈలోపు అర కిలోమీటరు రోడ్డు కరిగిపోతుంది. అంతసేపూ నువ్వు కుడి లైన్లో ఉన్నట్టే. నువ్వు బయటికి వచ్చినప్పుడు అద్దంలో చీమంత కనబడ్డ కారు వంద మీద వస్తుంటే, నువ్వు లారీ ముందు చక్రం దాకా పోయేసరికి నీ నంబర్ ప్లేటు దగ్గరుంటుంది. వాడు హారన్ కొడతాడు, నువ్వు కంగారుపడి లారీ వైపు జరుగుతావు. అందుకని, 40, 45లో ఈడ్చుకుంటూ పోయే లారీనే దాటు. 55లో పోయేవాడి వెనకాలే ఉండు. నీ టైములో పోయేదేమీ లేదు, ఎలాగూ సూర్యాపేటలో వాడూ టీకి ఆగుతాడు.

వెనకాల ఉండమన్నానని తోకకి అతుక్కోకు. గాలి తగలదు, మైలేజీ వస్తుందని కొందరు కుర్రాళ్లు ఆ పని చేస్తారు. గుంత గానీ, పగిలిన టైరు ముక్క గానీ లారీ చక్రాల మధ్య నుంచి బయటపడేదాకా నీకు కనబడదు. 60లో ఉన్న బండి సెకనుకు 16, 17 మీటర్లు పోతుంది. ముందు బండి ఒక స్తంభం దాటగానే ఒకటీ, రెండూ, మూడూ అని నిదానంగా లెక్కపెట్టుకో. మూడు అనకముందే నువ్వు ఆ స్తంభం దగ్గరకి వచ్చేశావంటే ఇంకా వెనక్కి తగ్గాలి. వానలో అయితే ఐదు.

ఎడమ లైన్లో పొమ్మంటే రోడ్డు అంచు పట్టుకుని పొమ్మని కాదు. అంచున ఇసుక ఉంటుంది, తారుకీ మట్టికీ మధ్య మెట్టు ఉంటుంది. ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ఆటోలూ, పాల క్యాన్ల బండ్లూ అక్కడే ఉంటాయి. డివైడర్ తెరిచిన చోటికి పోయి తిరగడం ఇష్టంలేని ప్రతివాడూ ఆ అంచునే వస్తాడు, ముఖ్యంగా పెట్రోల్ బంకులకి అటూ ఇటూ. ఎడమ లైనుకి ఇంచుమించు మధ్యలో ఉండు, వెనకవాడికి ఓ మనిషి పోతున్నాడని తెలియాలి. ఏసీ బస్సు పక్కనుంచి రయ్యిన పోయినప్పుడు ముందు గాలి నిన్ను పక్కకి నెడుతుంది, బస్సు దాటాక లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుంటే ఆ కుదుపంతా ముందు చక్రానికి పోతుంది. మోకాళ్లతో ట్యాంకుని నొక్కిపెట్టి చేతులు వదులుగా ఉంచు. ఇలా పట్టుకుంటే చేతివేళ్లు తిమ్మిరెక్కడమూ తగ్గుతుంది.

ఇప్పుడు బయల్దేరే టైము. చీకట్లో హైవే ఎక్కొద్దు, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలుంటాయి. ఐదింటికి ఇంట్లో బయల్దేరు. సిటీ దాటేదాకా వీధి దీపాలుంటాయి, ఎల్బీనగర్ చేరేసరికి తెల్లవారుతుంది. ఫోన్లో మ్యాపు టూవీలర్‌కి పెట్టుకో. కారుకి పెడితే ఔటర్ మీదికి పంపిస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మనల్ని రానివ్వరు.

ఎల్బీనగర్ దాటాక చిక్కు ఇంకొకటి ఉంది. విజయవాడ రోడ్డు తూర్పుకి కాస్త ఆగ్నేయంగా పోతుంది. కార్తీకంలో సూర్యుడు సరిగ్గా అటే లేస్తాడు. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఎండ నేరుగా కళ్లల్లో కొడుతుంది. చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే నీకు సరిపోతుంది, నీ వెనకవాడి సంగతేమిటి? రాత్రంతా నడిపి, దుమ్ము పట్టిన అద్దంలోంచి అదే సూర్యుణ్ణి చూస్తుంటాడు డ్రైవరు. ఆ వెలుగులో వాడికి నువ్వు కనబడవు. అందుకని ఏడింటికి చౌటుప్పల్‌లో బండాపి ఇడ్లీ తిను, రెండో టీ తాగు, పేపరు చదువు. పొద్దు కాస్త పైకెక్కాక కదులు. ఆ గంట పోయినా పదింటికల్లా సూర్యాపేటలో ఉంటావు, సగం దూరం అయిపోయినట్టే. టోల్ గేట్ల దగ్గర మనకి రుసుము లేదు, ఎడమ చివర సన్నటి దారి ఉంటుంది. అక్కడ ఇసుకా, స్పీడ్ బ్రేకరూ రెండూ ఉంటాయి, మెల్లగా పో.

బండి సర్వీసింగ్ ముందురోజు చేయించకు. కనీసం వారం ముందు చేయించి, ఆ వారం ఆఫీసుకి అదే బండి మీద తిరుగు. మెకానిక్ బిగించడం మరిచిన నట్టు ఏదైనా ఉంటే కూకట్‌పల్లిలోనే బయటపడుతుంది. ఆయిల్, ప్లగ్గు, బ్రేక్ షూలు, క్లచ్ వైరు వాళ్లు చూస్తారు. చైను మాత్రం నువ్వే చూడు. స్ప్లెండర్ చైన్ కవరు కింద చిన్న రబ్బరు మూత ఉంటుంది. బండి మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, మూత తీసి వేలితో చైనుని పైకీ కిందికీ ఆడించు. అంగుళం మేర ఆడితే బాగున్నట్టు. చక్రం కొంచెం తిప్పి మళ్లీ చూడు, ఇంకొంచెం తిప్పి మళ్లీ. ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉందంటే చైను సమంగా అరగలేదన్నమాట. దాన్ని బిగిస్తే లాభం లేదు, చైనూ పళ్ల చక్రాలూ సెట్టుగా మార్పించెయ్యి. మెకానిక్ "ఇంకో రెండు వేలు నడుస్తుందిలే సార్" అంటాడు, వినకు.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. ఈ బండ్లకి మామూలుగా ముందు 25, వెనక 28 చెబుతారు, వెనక బరువుంటే పెంచాలి. నీ మోడల్‌కి ఎంతో పుస్తకంలో చూసుకో. నీవి ట్యూబు టైర్లు కనుక వెనక చక్రానికి కొత్త ట్యూబొకటి సంచిలో పడేసుకో. పంక్చర్ ఎక్కువగా వెనక్కే అవుతుంది. ముందు చక్రం మేకుని లేపుతుంది, వెనకది గుచ్చుకుంటుంది. పంక్చర్ షాపులు దారి పొడుగునా ఉంటాయి కానీ నీ సైజు ట్యూబు వాళ్ల దగ్గర ఉంటుందన్న గ్యారంటీ లేదు.

గంటకోసారి బండికి రెస్టివ్వాలని మీ ఫ్రెండ్స్ చెబుతారు. ఆ అవసరం బండికి లేదు. అది గాలికి చల్లబడే ఇంజను, 55లో నిలకడగా పోతుంటే దానికి హాయి. సిటీ సిగ్నళ్ల దగ్గర పడే అవస్థే దానికి ఎక్కువ. ఆయిల్ మట్టం సరిగ్గా ఉంటే చాలు, మొత్తం పట్టేదే లీటరు అటూ ఇటూగా, అందులో కాస్త తగ్గినా తేడా తెలుస్తుంది. గంటకోసారి ఆగాల్సింది నువ్వు. దిగి పది నిమిషాలు నడువు, నీళ్లు తాగు. మధ్యాహ్నం అన్నం మానెయ్యి. పప్పూ ఆవకాయా పెరుగన్నం తిని బండెక్కితే నిద్ర ఆపడం ఎవరి తరమూ కాదు. అరటిపండ్లూ మజ్జిగతో విజయవాడ దాకా లాక్కొచ్చి పిన్ని చేతి వంట తిను. దారిలో కళ్లు మూతలు పడితే పాటలు పెట్టుకోవడం, మొహం కడుక్కోవడం పనిచెయ్యవు. ఏ దాబాలోనో నులక మంచం మీద అరగంట పడుకో.

పెట్రోలు కోదాడలో నింపుకో, గరికపాడు దాటాక ఆంధ్రాలో ధర ఎక్కువ. బ్యాగు వీపుకి తగిలించుకోకు, రెండు గంటల్లో మెడ పట్టేస్తుంది. వెనక సీటు మీద పెట్టి రెండు రబ్బరు తాళ్లతో అడ్డంగా కట్టు. తాడు కొస ఏదీ చక్రం వైపు వేలాడకూడదు. ఐఎస్ఐ మార్కున్న ఫుల్ హెల్మెట్, తెల్ల వైజర్. లైసెన్సూ, ఆర్సీ, ఇన్సూరెన్సూ, పొల్యూషనూ డిజిలాకర్‌లో ఉన్నా జిరాక్సులు కూడా తెచ్చుకో, ఫోన్ చార్జింగ్ అయిపోవడం కొత్తేమీ కాదు. హైవే సాయానికి 1033, అంబులెన్సుకి 108.

రెండో రోజు దూరం తక్కువ కానీ రోడ్డు మీద చూసుకోవాల్సినవి ఎక్కువ. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి చీలుతుంది. కొత్త రోడ్డు దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయి గోదావరి దాటుతుంది, కార్లన్నీ అటే. నువ్వు పాత దారిలో తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా రా. కాస్త ఆలస్యమవుతుంది. కానీ నీ బండికి ఏదన్నా అయితే పది నిమిషాల్లో ఏదో ఒక ఊరూ, మెకానిక్కూ దొరికే దారి అదే.

ఇందాక చెబుతానన్నది ఇదే. కోతలైన రోజుల్లో రైతులు రోడ్డు పక్కన, ఒక్కోచోట సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. వాళ్లకి కళ్లాల్లేవు, వాళ్లనేమీ అనలేం. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. సాయంత్రం ధాన్యం ఎత్తేస్తారు, రాళ్లు మిగిలిపోతాయి. తారు మీద నల్లరాయి, మసకచీకటి, ఎదురుగా లైట్లు. చిన్న చక్రానికి తలకాయంత రాయి చాలు. మిగిలిన గింజల మీద బ్రేక్ వేసినా జారుడే. వెలుగుండగా అయితే అవన్నీ అల్లంత దూరం నుంచే కనబడతాయి. అందుకే మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు చేరేలా చూసుకో.

సిద్ధాంతం అనే ఊరి దగ్గర గోదావరి పాయ వశిష్ఠ, జొన్నాడ దగ్గర ఇంకో పాయ గౌతమి దాటుతావు. వంతెన ఎక్కగానే పక్కగాలి కొడుతుంది, బ్యాగు కట్టిన బండిని మరీ. స్పీడు 45కి తగ్గించు, వంతెన మీద ఎవర్నీ దాటకు. ఫొటోలు కావాలంటే ఇవతలే దిగి తీసుకో.

తుపానుల నెల ఇది. వాయుగుండం అన్న మాట వినబడితే ప్రయాణం వారం వాయిదా వెయ్యి, ఇక్కడ పనేం ఆగిపోదు. మామూలు జల్లయితే బంకులో ఆగి ప్యాంటూ షర్టూగా వచ్చే రెయిన్‌కోటు వేసుకో. వాన మొదలైన పావుగంట దాకా రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి సబ్బు నీళ్లలా ఉంటుంది, అప్పుడు కదలకు. తెల్ల గీతల మీద బ్రేక్ వెయ్యకు.

బండి నడుస్తుండగా ఎవరి ఫోనూ ఎత్తొద్దు, నాది కూడా. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, ఈ మూడుచోట్లా ఆగినప్పుడు మీ అమ్మకి ఒక్క మెసేజ్ పెట్టు. మధ్యలో ఆవిడకి టెన్షన్ వస్తే నాకు చేస్తుంది, నేను చూసుకుంటాను. ట్యూబు కొన్నాక, చైను చూశాక నాకో మాట చెప్పు.

మీ మామయ్య