మాన్యువల్ రాసేవాళ్లకి కస్టమర్లతో పనేంటి?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఈసీఈలో బీటెక్ చేసింది. మధురవాడలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్నికల్ రైటర్‌గా ఆఫర్ ఇచ్చింది. తీరా చూస్తే సపోర్ట్ టికెట్లు, అంటే కస్టమర్లు పంపే ఫిర్యాదులు చదవాలట, వారానికి రెండ్రోజులు కస్టమర్లతో మాట్లాడాలట. పేరు మార్చిన కాల్ సెంటర్ ఉద్యోగమేమోనని భయం. చేరమనమంటారా?

జవాబు: మీ అనుమానాన్ని కొట్టిపారేయలేను. రైటర్ అని తీసుకుని టికెట్లు మూయించే చోట్లూ ఉన్నాయి. కానీ మీరు భయపడుతున్న ఆ రెండ్రోజులే ఈ ఆఫర్లో నాకు బాగా నచ్చాయి.

ఒకప్పుడు డెవలపర్ చెప్పింది విని, మాన్యువల్ రాసి పీడీఎఫ్ ఇచ్చేస్తే రైటర్ పని అయిపోయేది. చదివేవాళ్లు ఎక్కడ తికమకపడ్డారో రైటర్ దాకా వచ్చేదే కాదు. ఇప్పుడు హెల్ప్ పేజీలో జనం ఏ మాట కొట్టి వెతికారో, ఏమీ దొరక్క ఎక్కడ వెనక్కి వెళ్లిపోయారో కూడా కనిపిస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేచోట చేరింది. ‘డిశ్చార్జ్ బిల్లు ప్రింట్ అవట్లేదు’ అని ఒకటే టికెట్లు. మాన్యువల్లో ఆ సంగతి శుభ్రంగానే ఉంది మరి! ఓ రోజు వెళ్లి బిల్లింగ్ కౌంటర్ పక్కన కూర్చుంది. మానిటర్ అంచున టేపుతో అంటించిన చీటీ: ‘ముందు ఫార్మసీ క్లోజ్, తర్వాతే బిల్లు.’ వాళ్లు నిజంగా వాడుతున్న మాన్యువల్ ఆ చీటీయే. స్క్రీన్ మీద ఆ పనికి ‘ఫైనలైజ్’ అని ఉంది. కౌంటర్లో ఆ మాట ఎవరి నోటా రాదు, ఇంకెవరు వెతుకుతారు? హెడింగ్ మార్చింది, డెవలపర్లతో పోట్లాడి బటన్ పేరూ మార్పించింది. ఆ టికెట్లు బాగా తగ్గాయి.

కాల్ సెంటర్లో అదే ప్రశ్నకి రోజూ జవాబు చెప్తారు. రైటర్ ఆ ప్రశ్న మళ్లీ రాకుండా చూస్తారు. ఫీచర్ల గురించి నాలుగు పేజీలు రాయడం ఏఐకి ఇప్పుడు నిమిషాల పని. ఆ చీటీ మాత్రం దానికి కనపడదు.

కాబట్టి చేరేముందు మీ అమ్మాయిని రెండు విషయాలు అడగమనండి. పనితీరు దేన్నిబట్టి చూస్తారు? మూసిన టికెట్ల లెక్క అంటే, అది సపోర్ట్ ఉద్యోగమే. కస్టమర్ల దగ్గర తెలిసింది చెప్పడానికి డెవలపర్ల మీటింగుల్లో కూర్చోనిస్తారా? ‘చూద్దాం’ అంటే నేనైతే వెనకాడతాను. అమెరికా కస్టమర్లయితే రాత్రి కాల్స్ ఉంటాయి, గాజువాక నుంచి మధురవాడ దూరం మీకు తెలియనిది కాదు, అదీ తేల్చుకోండి.

ఈలోగా గిట్ (ఫైళ్లలో ఎప్పుడేం మార్చారో గుర్తుంచే టూల్), మార్క్‌డౌన్ (హెడింగులు, జాబితాలు చిన్న గుర్తులతో రాసే పద్ధతి) పట్టుకోమనండి. గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఉచితమే. ఈసీఈ చదువు వృథా అని బెంగపడకండి. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మీ పక్కనే, పెదగంట్యాడ వైపు ఉంది. ఇలాంటి పరికరాలకి వాడకం సూచనలు ఎవరో ఒకరు రాయాల్సిందే. సర్క్యూట్ తెలిసి, నర్సు అడిగేది అర్థమయ్యే రైటర్లు నాకు తెలిసి తక్కువే. రెండు మూడేళ్ల తర్వాత అటూ ప్రయత్నించొచ్చు.