థియరీ ఇష్టమైతే ప్రొఫెసరే అవ్వాలా?

"కంప్యూటర్ సైన్స్ థియరీ, ముఖ్యంగా ఆల్గారిథమ్స్, కాంప్లెక్సిటీ (ఏ సమస్య ఎంత కష్టమో తేల్చడం) అంటే పిచ్చి ఇష్టం, కానీ ప్రొఫెసర్ అవడం తప్ప వేరే దారి లేదని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. నిజం కాదు. నేనూ అలాగే అనుకుని పీహెచ్‌డీ చేసి, రెండేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) చేసి బయటికొచ్చినవాణ్ణి.

అకడమిక్ దారి సంగతి ముందు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, తర్వాత ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు, ఒక్కోటి ఒక్కో ఊళ్లో, ఆ తర్వాత గానీ ఫ్యాకల్టీ పోస్టుల వేట మొదలవదు. నాది అప్రాక్సిమేషన్ ఆల్గారిథమ్స్, అంటే కష్టమైన సమస్యలకి ఉత్తమ జవాబుకి దగ్గరగా ఉండే జవాబుని త్వరగా వెతికే పద్ధతులు. మూడో ఏడు ఎనిమిది నెలలు కష్టపడి రాసిన ప్రూఫ్‌లో సబ్మిషన్‌కి వారం ముందు తప్పు దొరికింది. గ్రాఫ్‌లో ప్రతి నోడ్‌కీ (చుక్కకీ) కనీసం రెండు ఎడ్జ్‌లు (చుక్కల్ని కలిపే గీతలు) ఉంటాయని ఒక లెమ్మాలో (పెద్ద ప్రూఫ్‌కి మెట్టుగా వాడే చిన్న ఫలితంలో) మాకు తెలీకుండానే అనేసుకున్నాం, అది లేనిచోట మిగతాదంతా కూలిపోయింది. ఆ పేపర్ ఇప్పటికీ రాలేదు. దానికి భయపడి వదిలేశాననుకోకండి, ఆ ఎనిమిది నెలలూ నాకు బాగా నచ్చాయి. పడనిది ఏడాదికోసారి సామాన్లు సర్దుకోవడం.

ఇప్పుడు నా పని ఫార్మల్ వెరిఫికేషన్, అంటే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లు కలిసి పనిచేసేవి) డిజైన్‌ని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్‌ఏ ప్లస్ అనే భాషలో రాసి, అది ఎక్కడ తప్పుతుందో మోడల్ చెకర్‌తో (సాధ్యమైన పరిస్థితులన్నీ పరీక్షించే ప్రోగ్రామ్‌తో) వెతకడం. (అమెజాన్‌లో 2011 నుంచీ దీన్ని వాడుతున్నారు.) చేరిన కొత్తలో నాకు ఇచ్చింది ఒక లాక్ సర్వీస్, అంటే ఒకసారికి ఒక్క ప్రోగ్రామే డేటా మార్చేలా గడువుతో తాళం ఇచ్చేది. లాక్ తీసుకున్న ప్రోగ్రామ్ గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేసుకోవడం) వల్ల కాసేపు ఆగిపోతుంది, ఈలోపు గడువు తీరిపోయి లాక్ ఇంకొకరికి వెళ్తుంది, మొదటిది లేచి లాక్ ఇంకా తన దగ్గరే ఉందనుకుని డేటా రాసేస్తుంది. చెకర్ ఇది చూపిస్తే టీమ్‌లో "ఇలా ఎప్పుడూ జరగదులే" అన్నారు. పాత లాగ్‌లు తవ్వితే రెండుసార్లు జరిగింది! లాక్ ఇచ్చిన ప్రతిసారీ పెరిగే నంబర్ ఒకటి ఇచ్చి, పాత నంబర్‌తో డేటా రాయబోతే స్టోరేజ్ తిప్పికొట్టేలా మార్చాం. ఆ లెమ్మాలో చేసిన తప్పూ ఇదీ ఒకటే జాతి, ఎవరూ పైకి అనకుండా అందరూ నమ్మేసిన మాట. దాన్ని పట్టుకోవడమే థియరీ నాకు నేర్పిన విద్య, బయట జీతం ఇచ్చేదీ దానికే.

నంబర్ థియరీ, ఆల్జీబ్రా ఇష్టమైతే క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతుల శాస్త్రం) చూడండి, ఇప్పుడు అక్కడ పని ఎక్కువ. క్వాంటమ్ కంప్యూటర్లకీ లొంగకూడదని రూపొందించిన మొదటి మూడు ప్రమాణాలను అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది, పాత సిస్టమ్స్‌ని వాటికి మార్చాలి కదా. అదే ఎంపికలో నాలుగో రౌండ్ దాకా వచ్చిన సైక్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని 2022లో ఇద్దరు గణితజ్ఞులు మామూలు ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీద, సుమారు గంటలో విరగ్గొట్టారు. ఎప్పటిదో పాత సిద్ధాంతం పట్టుకుని!

ఇవి కాక షెడ్యూలింగ్, రూటింగ్ లాంటి ఆప్టిమైజేషన్ పనులు (ఎన్‌పీ-హార్డ్, అంటే త్వరగా తేల్చే దారి తెలియని సమస్య అని తేలినా సరుకు రవాణా ఆగదుగా, ఇలాంటి సమస్యలకి జవాబు వెతికే సాల్వర్లనే ప్రోగ్రామ్‌లతోనే నెట్టుకొస్తారు), డేటాబేస్ ఇంజిన్లు, కంపైలర్లు, డిఫరెన్షియల్ ప్రైవసీ (ఒక్కో వ్యక్తి వివరం బయటపడకుండా డేటా వాడుకోవడం) ఉన్నాయి. ట్రేడింగ్ కంపెనీల్లో డబ్బు బాగా ఉంటుందంటారు, నేను పని చేయలేదు, అక్కడికెళ్లిన స్నేహితుడు మాత్రం ప్రూఫ్ రాసి మూడేళ్లయిందన్నాడు.

ఒక చిట్కా: ఉద్యోగ ప్రకటనల్లో "థియరీ" అని వెతికితే దాదాపు ఏమీ దొరకదు, "వెరిఫికేషన్", "సాల్వర్", "క్రిప్టోగ్రఫీ", "క్వెరీ ఆప్టిమైజర్" (డేటాబేస్‌లో ప్రశ్నకి వేగంగా జవాబు తెచ్చే దారి ఎంచుకునే భాగం) అని వెతకండి. ఇంటర్వ్యూలో నా థీసిస్ గురించి అడిగింది రెండు నిమిషాలు, సరదాకి రాసుకున్న చిన్న శాట్ సాల్వర్ (లాజిక్ షరతులన్నీ ఒకేసారి నిజమయ్యే దారి ఉందో లేదో వెతికే ప్రోగ్రామ్) గురించి గంటసేపు. పీహెచ్‌డీ తప్పనిసరా అంటే, క్రిప్టోగ్రఫీ రీసెర్చ్‌కి దాదాపు అవుననే చెప్పాలి, వెరిఫికేషన్‌కి అక్కర్లేదు, మా టీమ్‌లో సగం మంది మాస్టర్స్‌తోనే వచ్చారు.