ల్యాప్‌టాప్ తీసేసి ట్యాబ్ కొనాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. ఇంట్లోంచే రెండు షాపులకీ ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకీ ట్యాలీలో లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ల్యాప్‌టాప్ 2016లో కొన్నది, విండోస్ 11 ఎక్కదంటోంది. అది తీసేసి కీబోర్డుతో ఒక ట్యాబ్ కొంటే నా పనికీ పాప చదువుకీ కలిసొస్తుందని మావారు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ల్యాప్‌టాప్ బదులుగా అయితే వద్దండి. మెయిల్ చూసుకోవడం, వీడియో క్లాసులు, పీడీఎఫ్ మీద పెన్నుతో రాసుకోవడం, బ్యాంకు పనులు, ఇవన్నీ ట్యాబ్‌లో హాయిగా అవుతాయి, కొన్ని ల్యాప్‌టాప్ కంటే బాగానే అవుతాయి. 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26తో ఐప్యాడ్‌లో కూడా కంప్యూటర్లో లాగా విండోలు పక్కపక్కన తెరుచుకోవచ్చు, శాంసంగ్ ట్యాబ్‌లలో అలాంటి సదుపాయమే, డెక్స్ అని, ఎప్పటినుంచో ఉంది. కానీ మీకు డబ్బులు తెచ్చేది ట్యాలీ, అది విండోస్ ప్రోగ్రాం, ట్యాబ్‌లో ఇన్‌స్టాల్ అవ్వదు. బ్రౌజర్లో రిపోర్టులు చూసుకోవచ్చు గానీ రోజూ వోచర్లు ఎంట్రీ కొట్టడానికి అది పనికిరాదు. జీఎస్టీ సంగతీ అంతే: షాపుల రిటర్నులు ఓటీపీతో అయిపోతాయి, కంపెనీకి మాత్రం డిజిటల్ సిగ్నేచర్ తప్పనిసరి, అది ఉండే పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్ పెట్టి సంతకం చెయ్యాలంటే కంప్యూటర్ ఉండాల్సిందే. ఎక్సెల్ యాప్ ఉంది కానీ మాక్రోలు (షీట్లో పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) నడవవు, పైగా 10.1 అంగుళాలు దాటిన స్క్రీన్ అయితే ఫైలు మార్చడానికి చందా కట్టాలి. ట్యాబ్‌తో వచ్చే కీబోర్డుల్లో పక్కన అంకెల వరస ఉండదు, లెక్కలు రాసేవాళ్ళకి అదెంత ఇబ్బందో మీకే తెలుసు.

ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఉంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ట్యాబ్‌లోంచి దాన్ని నడపొచ్చు. అప్పుడప్పుడు ఒక ఎంట్రీ సరిదిద్దడానికైతే సరే, రోజంతా అలా చెయ్యమంటే విసుగొస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఆగిపోదు గానీ, సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మెషీన్లో వేరేవాళ్ళ లెక్కలు, బ్యాంకు పాస్‌వర్డులు ఉంచడం నాకు అస్సలు ఇష్టం లేదు. ట్యాబ్, కీబోర్డు, పెన్ను అన్నీ కలిపితే చాలాసార్లు మంచి ల్యాప్‌టాప్ ధరకి దగ్గరికొస్తుంది, ఆ డబ్బు ల్యాప్‌టాప్ మీదే పెట్టండి. బడ్జెట్ తక్కువైతే ఎస్‌పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్క్) ఉన్నది చూడండి, విండోస్ 11 యాక్టివేట్ అయిందో లేదో షాపులోనే ఆన్ చేయించి చూశాకే డబ్బులివ్వండి.

పాత ల్యాప్‌టాప్ పాపకి పనికొస్తుంది. అందులో ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ బదులుగా గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఎక్కించండి. ప్రాజెక్టులు టైప్ చేసుకోవడానికి, క్లాసులు చూడటానికి చాలు. కాకపోతే అది ఎక్కిస్తే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ముందే ట్యాలీ డేటా బ్యాకప్ తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టుకోండి, ట్యాలీలోకి వెళ్ళి లైసెన్స్ సరెండర్ చెయ్యండి, అంటే ఈ మెషీన్ నుంచి దాన్ని విడిపించండి. సరెండర్ చెయ్యకుండా డిస్క్ తుడిచేస్తే కొత్త ల్యాప్‌టాప్‌లో యాక్టివేట్ చేసేటప్పుడు టెన్షన్ పడాల్సొస్తుంది, అదీ రిటర్నుల గడువు దగ్గరపడ్డ రోజుల్లో అసలు వద్దు.