ఫోన్లో సరే అనొద్దు పాపా

పాపా,

నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేసి, అనంతపురంలో ఇంట్లోనే కూచుని ప్లాస్టిక్ సామాన్లకు డిజైన్లు గీసిచ్చే పని సొంతంగా పెట్టుకుంటాండావని మీ నాయన నిన్న ఫోన్ చేసినాడు. వాని గొంతులో భయమే ఎక్కువ. నేనైతే ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మకు అదే మాట రెండుసార్లు చెప్పుకున్నా. రాత్రి మటుకు నిద్ర పట్టలేదు.

ముప్పై ఏళ్లు హైదరాబాదు బాలానగర్‌లో, ప్లాస్టిక్ పోసే మోల్డులు (అచ్చులు) చేసే టూల్‌రూముల్లో ఇనుము కోసినోణ్ణి. కంప్యూటర్లో డిజైన్ గీసే నీ సాలిడ్‌వర్క్స్ నాకు రాదు. నువ్వు గీసిన గీత ఇనుములోకి దిగినాక ఏమైతాదో మాత్రం తెలుసు.

నీకు తెలిసినవాటిని సాగదీయను. గోడ మందం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండాల. రిబ్బు, అంటే బలానికి లోపల పెట్టే సన్న గోడ, మందం అందులో 60 శాతం దాటితే బయటి ముఖాన గుంట పడుతుంది. డ్రాఫ్టు, అంటే గోడకు వాలు, కనీసం ఒక డిగ్రీ ఇయ్యి, లేకుంటే ముక్క కోరును, అంటే లోపలి ఆకారమిచ్చే మోల్డు భాగాన్ని, పట్టుకుని ఊడిరాదు. దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. సగం దుడ్లు ముందే తీసుకో. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకో, 45 రోజులు దాటినా దుడ్లియ్యని వాళ్లను అడిగేదానికి చట్టం పక్కనుంటుంది. నెలకోసారైనా బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యకు పోయి, మోల్డు తెరిచేటప్పుడు పక్కన నిలబడు.

ఇంగ నన్ను నిద్రపోనియ్యని సంగతి.

నువ్వు పుట్టకముందు, 1998లో. పగలు కంపెనీ పని, రాత్రిళ్లు బయటి పని. మీరిప్పుడు ఫ్రీలాన్స్ అంటారే, అదే. ఒకాయన డబ్బా మూతకు మోల్డు చేసియ్యమన్నాడు. డబ్బా ముందే ఉంది, దానిమీదికి మూత కూచోవాల. మూత లోపలి కొలత 120 మిల్లీమీటర్లు, మెటీరియల్ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. చల్లారేటప్పుడు అది అర శాతం ముడుచుకుంటుందని లెక్కేసి కోరును 120.6కు కోయించినా.

కోరు గట్టిపడేదానికి హార్డెనింగుకు పోయిన సాయంత్రం ఆయన ఫోన్ చేసినాడు. "ఏబీఎస్ ధర పెరిగింది, పీపీ వేస్తాం. పర్వాలేదు కదా?" అన్నాడు. పీపీ, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, ఒకటి నుంచి రెండున్నర శాతం దాకా ముడుచుకుంటుంది. నాకు తెలీదా? తెలుసు! కానీ కోరు అప్పటికే కొలిమిలో ఉంది. ఇప్పుడు ఆపమంటే పని రానోడు అనుకుంటాడేమోనని సిగ్గుపడినా. ప్లాస్టికే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నా. "సరే" అన్నా.

ట్రయల్ నాడు మూతలు 118.8 వచ్చినాయి. పెద్దోని తలమీద పసిబిడ్డ టోపీ మాదిరి డబ్బాపైనే ఆగిపోయినాయి. ప్రెషర్ పెంచినాం, చల్లారే టైం పెంచినాం, ఏం చేసినా అది డబ్బామీద దిగలా. ఇనుము ఎక్కువుంటే ఇంకాస్త కోయొచ్చు. కోరు చిన్నదైతే యాడ నుంచి తెచ్చి అతికిస్తావు? కొత్త కోరు చేయాల్సి వచ్చింది. అందుకే చెప్తాండా, అనుమానం ఉన్నచోట ఇనుము మిగిలేట్టు గీయి.

ఆ కొత్త కోరుకు దుడ్లు యాడివనుకున్నావు? మీ నాయన బోరు వేయించుకోవాలని దాచుకున్నవి. అడిగితే లెక్కపెట్టకుండా నా చేతిలో పెట్టినాడు. ఆ ఏడు చెనిక్కాయకు ఊడలు దిగే టయానికి వాన లేదు, బోరూ లేదు. వాడు ఈపొద్దుటికీ నన్నొక్క మాట అనలేదు. నిన్న వాని గొంతులో భయం యాడనుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఆ కస్టమర్ మీద తప్పేద్దామన్నా లేదు. ఆయన అడిగినాడు, నేను సరే అన్నా.

నువ్వూ నా పోలికే. చిన్నప్పుడు మీ పెద్దమ్మ మూడో ఓళిగ వేసినా వద్దనకుండా తిని, రాత్రంతా కడుపునొప్పని ఏడ్చినావు. అది తలుచుకుంటే నాకు దడ. ఎవరు ఫోన్లో ఏం మార్చమన్నా, "రాసి పంపండన్నా, చూసి చెప్తా" అను. నామోషీ ఏం కాదు. మెటీరియల్ పీపీ అని రాస్తే చాలదు, గ్రేడు కూడా రాయించు. గ్లాస్ ఫైబర్ కలిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. మోడల్లో ష్రింకేజీ, అంటే ఆ ముడుచుకునే లెక్క, వేసినావా లేదా అనేది డ్రాయింగ్ మీద పెద్ద అక్షరాల్తో రాయి. నువ్వూ వేసి, టూల్‌రూమోడూ వేస్తే మూత ఈసారి పెద్దదై వదులుగా ఊగుతుంది. అదింకో ఏడుపు.

పని లేని రోజుల్లో దిగులుగా కూచోవద్దు. మన పక్క పొలం పొలానా డ్రిప్ ఉంది. పగిలిన టేకాఫ్‌లు, ఎండ్‌క్యాప్‌లు, వాల్వులు ఏరుకొచ్చి రంపంతో అడ్డంగా కోసి చూడు. గేటు, అంటే కరిగిన ప్లాస్టిక్ లోపలికి పోయే దారి, యాడ పెట్టినారు, ఎండకు పెళుసెక్కి యాడ పగిలింది, అన్నీ కనపడతాయి. మీ నాయన్ను అడిగితే సంచెడు తెచ్చిస్తాడు, వానికీ కాస్త ధైర్యంగా ఉంటుంది.

దుడ్లు తగ్గితే అప్పు చేయొద్దు, ముందు నాకు చెప్పు. గుత్తి నుంచి నీ దగ్గరికి బస్సు ఎంతసేపు?

ఆదివారం మీ పెద్దమ్మ చేతికి కొలతలు తీసే నా వెర్నియర్ ఇచ్చి పంపుతాండా. మంచిదే, కానీ మూసినప్పుడు సున్నా దగ్గర 0.02 ఎక్కువ చూపిస్తుంది. కొలిచినప్పుడల్లా అది తీసెయ్యి.

నీ పెదనాయన