గేమ్ ఆగకుండా నడవాలంటే ఏ ప్రాసెసర్ కొనాలి: ఏఎండీ రైజెన్ 5 5600 మంచిదా, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ మంచిదా, 12 కోర్లది కొనాలా?

12 కోర్లది వద్దు (కోర్ అంటే ప్రాసెసర్ లోపల విడిగా పని చేసే భాగం). షాపులో ఎంత చెప్పినా సరే, మీరు ఆడేది గేములే అయితే ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కోర్ల లెక్క చూసి నేను ఒకసారి దెబ్బతిన్నాను.

2022లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో పీసీ అసెంబుల్ చేయించుకున్నాను. నేను అడిగింది రైజెన్ 5 5600. స్టాక్ లేదని 5600జి ఇచ్చారు. "అవే ఆరు కోర్లు, అవే పన్నెండు థ్రెడ్లు, పైగా లోపల గ్రాఫిక్స్ కూడా ఉంది" అన్నారు. ర్యామ్ 16 జీబీ, ఒకటే స్టిక్. కూకట్‌పల్లిలో రూముకి తెచ్చి వాలరెంట్ గేమ్ పెడితే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) 150 పైనే చూపిస్తోంది. కానీ ఎదుటివాడు మూల తిరిగి రాగానే బొమ్మ ఒక్క క్షణం పట్టేసి దూకేది. నెట్ బాగాలేదేమోనని నెల రోజులు దాని వెంటే పడ్డాను.

అసలు సంగతి క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5600జిలో 16 ఎంబీ మాత్రమే. వంట చేసేటప్పుడు పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటే చేయి చాపితే చాలు. అందులో లేనిదాని కోసం ప్రతిసారీ కొట్టుకి వెళ్లాల్సి వస్తే పోపు మాడిపోతుంది. ప్రాసెసర్‌కి క్యాష్ ఆ డబ్బా, ర్యామ్ ఆ కొట్టు. అందుకే 96 ఎంబీ క్యాష్ ఉన్న 7800ఎక్స్3డి, ఎనిమిది కోర్లతోనే చాలా గేముల్లో 16 కోర్ల 7950ఎక్స్‌ని దాటేస్తుంది.

సగటు ఎఫ్‌పీఎస్ ఈ పట్టేయడాన్ని దాచేస్తుంది. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో ఫ్రేముకి దాదాపు 7 మిల్లీసెకన్లే టైమ్. మధ్యలో ఒక్క ఫ్రేమ్ 40 తీసుకున్నా సగటు కదలదు, మీ కంటికి మాత్రం తెలిసిపోతుంది. రివ్యూల్లో "1% low" అనే అంకె చూడండి, అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్ అది. నాకైతే అదే ముఖ్యం.

నేను ముందు ర్యామ్ మార్చాను. ఒక్క స్టిక్ తీసేసి 8 జీబీవి రెండు పెట్టి (రెండుంటే ప్రాసెసర్‌కి డేటా రెండు దారుల్లో వస్తుంది), బయోస్‌లో ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను. సగం బాధ అక్కడే పోయింది. తర్వాతి ఏడాది అదే బోర్డులో 5600 వేస్తే మిగతాది కూడా పోయింది.

ఇక మీరడిగిన 5600, 12400ఎఫ్ రెండూ గేముల్లో దాదాపు సమానమే. బోర్డుతో కలిపి ఏది తక్కువకి వస్తే అది తీసుకోండి. రెండింటిలోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పనిసరి. బడ్జెట్ కొంచెం సాగితే రైజెన్ 5 7600 చూడండి. అందులో డీడీఆర్5 ర్యామే వేయాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది, కానీ రేపు 7800ఎక్స్3డి లాంటిది కావాలంటే బోర్డు మార్చక్కర్లేదు.

అన్నట్టు, ఇప్పటికే పీసీ ఉంటే కొనే ముందు ఒక పని చేయండి. గేములో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది. కదలకపోతే ప్రాసెసర్‌నో ర్యామ్‌నో అనుమానించండి. మీ గది పై అంతస్తులో ఉంటే మే నెలలో టెంపరేచర్ కూడా చూసుకోండి, దుమ్ము పట్టిన కూలర్‌తో ఏ ప్రాసెసరైనా వేడెక్కి స్పీడు తగ్గించుకుంటుంది.

మీ గ్రాఫిక్స్ కార్డు ఏది, మానిటర్ ఎన్ని హెర్ట్జ్? అవి రాస్తే ఇంకా కచ్చితంగా చెప్తాను.