టెక్ సందేహాలు: ఫ్యాను వేసుకుని పడుకుంటే ప్రాణం పోతుందా?

సందేహం: మా అబ్బాయి సియోల్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. తలుపులు, కిటికీలు మూసి రాత్రంతా ఫ్యాన్ వేసుకుంటే చనిపోతారని కొరియన్ రూమ్మేట్ భయం. టైమర్ పెట్టి గంటలో ఆపేస్తాడట. విని నవ్వుకున్నాం కానీ, లోపల కాస్త గుబులుగానే ఉంది. ఇందులో నిజమెంత? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఏమీ లేదండీ. అదే నిజమైతే బెజవాడలో ఈపాటికి ఓటర్ల జాబితా ఖాళీ అయిపోయేది. అలాగని ఆ కుర్రాణ్ణి వెక్కిరించొద్దని చెప్పండి. అది వాళ్లింట్లో అమ్మమ్మల కాలం నుంచీ వస్తున్న మాట. ఫ్యాన్ గాలితో వాంతులు, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం వస్తాయని 1927లోనే అక్కడి పత్రికలో వచ్చింది. 2006లోనైతే ప్రభుత్వ వినియోగదారుల సంస్థే దీన్ని వేసవి ప్రమాదాల్లో చేర్చి, 2003-05 మధ్య ఏసీలవీ కలిపి 20 కేసులు నమోదయ్యాయంది.

ఫ్యాన్ ఆక్సిజన్‌ను లాగేస్తుందని కొందరంటారు. అందులో మండేదేమీ లేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఒళ్లు చల్లబడి చనిపోతారని ఇంకొందరి వాదన. అలా జరగాలంటే ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవాలి. కానీ ఫ్యాన్ గదిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుందంతే. టేబుల్ ఫ్యాన్ గంటసేపు తిరిగాక వెనక మోటార్ డొప్ప మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. ఆ వేడీ గదిలోకే వస్తుంది.

మరి ఆ చావుల సంగతేంటి? ఉక్కపోత రాత్రి పెద్దవాళ్లో, గుండెజబ్బున్నవాళ్లో, బాగా తాగినవాళ్లో నిద్రలో పోతారు. తెల్లారి తలుపు తీస్తే గదిలో ఇంకా తిరుగుతూ కనిపించేది ఫ్యాన్ ఒక్కటే. నింద దాని మీద పడింది.

మూసిన గదంటే అంత భయం ఎందుకన్నదానికి నాకు తోచిన కారణం ఒకటుంది. మొన్నమొన్నటిదాకా కొరియాలో ఇంటి నేల కింద బొగ్గు దిమ్మలు కాల్చి వెచ్చదనం తెచ్చుకునేవారు. పగుళ్లలోంచి కార్బన్ మోనాక్సైడ్ పైకొచ్చి, పడుకున్నవాళ్లను పడుకున్నట్టే చంపేది. ఆ విషవాయువుకు వాసన ఉండదు. ఈ ముప్పు మనకూ ఉంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ బిగించి, వెంటిలేటర్‌కు అట్ట అడ్డుపెట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు! మీ ఇంట్లో అలా ఉంటే, ఫ్యాన్ సంగతి వదిలేసి ముందు ఆ గీజర్‌ను బయటి గోడకు మార్పించండి.

ఇంకొక్క మాట. గదిలో వేడి 40 దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు ఒళ్లు తడుపుకోవాలి, లేదా చల్లని చోటికి వెళ్లాలి.

సందేహం: మా కొత్త బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్ రిమోట్‌లోనూ టైమర్ ఉంది. అదీ ఇందుకేనా?

జవాబు: కాదు. తెల్లవారుజామున చలేస్తే లేచే పని లేకుండా ఇచ్చిన సౌకర్యమది. కరెంటు కలిసొస్తుందని మాత్రం పెట్టుకోకండి. 30 వాట్ల ఫ్యాన్ రాత్రంతా తిరిగినా పావు యూనిట్ కాలదు.